గుడారము, గుర్రము, గరిక

మధురవాడ పేరు వినగానే నేటి శ్రోతలకు క్రికెట్టు మైదానమూ, కొండవాలున లేచిన కంప్యూటరు కార్యాలయాలూ, వరుసలు తీరిన మేడలూ మనసున మెదలుతవి. ఆ మేడల మీదనుండి పడమటికి చూచినచో కంబాలకొండ అడవి కనిపిస్తుంది. విజయనగర సంస్థానం వారి అధీనంలో ఉండిన ఈ అడవి తరువాత అటవీ శాఖ చేతికి వచ్చి అభయారణ్యమైనది. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. తూర్పున సముద్రం వైపు తిరిగితే బావికొండ, తొట్లకొండ. రెండు పేర్లలోనూ నీరే ఉన్నది. రెండువేల యేండ్లనాడు వానకాలం గడుపుటకు బౌద్ధ భిక్షువులు ఆ కొండలెక్కి, రాతిలో తొట్లు తొలిచి వాననీరు నిలుపుకొన్నారు. దారినపోయే మనిషి ఎక్కడ ఆగవలెనో నిర్ణయించేది నీరేనని చెప్పుటకు ఇంతకంటె పాత సాక్ష్యం ఈ పరిసరాలలో మనకు అక్కరలేదు.

గుర్రాన్ని వెంటబెట్టుకొని పోయి, అడవి అంచున చెరువో ఏరో చూచుకొని, గుడారం వేసి నాలుగు దినాలు మౌనంగా గడపడం అమెరికా వంటి దేశాలలో ఒక సెలవుల వేడుక. గుర్రాలను కట్టుటకు గుంజలు, నీళ్ల తొట్లు అమర్చిన ప్రత్యేక విడుదులు కూడ అక్కడ ఉన్నవి. మన దేశంలో అది వేడుకగా పుట్టలేదు. దండయాత్రగా, పన్ను వసూలుగా, ఊళ్ల లెక్కలు వ్రాసుకొనే ఉద్యోగంగా పుట్టినది. ఆ కథలో కొంత భాగం చెప్పుకొందాము.

ముందుగా ఒక మాట. మధురవాడను ఆనుకొని పోతినమల్లయ్యపాలెం ఉన్నది. మన తీరమంతటా పాలెములే. పాళెమనగా మొదటి అర్థం దండు విడిసిన చోటు. పాళెగాడు అన్నమాట కూడ అక్కడినుండి వచ్చినదే. కాలక్రమాన శివారు పల్లెకు ఆ పేరు స్థిరపడినది. అంతమాత్రాన ప్రతి పాలెంలోనూ ఒకనాడు గుర్రాలు కట్టినారని మేము చెప్పబోము. భాష మాత్రం తన పాత అర్థాన్ని మరచిపోలేదు.

గజపతులపై దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు 1516లో మధురవాడకు కూతవేటు దూరాన ఉన్న సింహాచలంలో అప్పన్నను సేవించి, ముత్యాల హారాదులు సమర్పించినట్లు అక్కడి శాసనం చెబుతున్నది. పొట్నూరులో జయస్తంభం నాటినాడు. ఆ రాయల గుర్రాల బలాన్ని గురించి స్వయంగా గుర్రాల వర్తకుడైన పోర్చుగీసు వాడు నూనిజ్ వ్రాసినాడు: రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడట. దూరదేశాలనుండి ఏనుగులనూ మేలుజాతి గుర్రాలనూ తెచ్చే వర్తకులను ఆదరించి, వారికి లాభం చేకూర్చి, ఆ సరుకు శత్రువుల చేతికి పోకుండ చూచుకొమ్మని ఆముక్తమాల్యదలో రాయలే రాజులకు బోధించినాడు. పర్షియా, అరబ్బు దేశాల మేలుజాతులు మన ఉక్కకు తట్టుకొని సంతతి వృద్ధి చేయడం కష్టమైనందున ఏటేటా కొత్తవి కొనక తప్పలేదు. అంత ఖరీదు పెట్టి ఓడలలో దింపుకొన్న జంతువులు సింహగిరి పాదాన విడిసినప్పుడు వాటికి కావలసిన నీరు ఏ చెరువు ఇచ్చినదో! శాసనం దేవునికిచ్చిన ముత్యాలను లెక్కపెడుతుంది. గుర్రాలు త్రాగిన నీళ్లను లెక్కపెట్టదు. ఆ లెక్క కట్టుట కష్టం కాదు. గుర్రం రోజుకు 25 నుండి 40 లీటర్ల దాకా నీరు త్రాగుతుంది. వేయి గుర్రాలు నాలుగు రోజులు నిలిచినచో వేసవిలో ఊరి చెరువు ఏమగునో రైతుకు తెలుసును.

ఉత్తరాంధ్ర చరిత్రలో గుడారం రెండుసార్లు గొప్ప విషాదానికి సాక్షి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడినది. తర్వాత కొద్ది రాత్రులకే, విజయనగరం ప్రభువు పెదవిజయరామరాజు తన డేరాలో నిద్రించుచుండగా తాండ్ర పాపారాయుడు చొరబడి పొడిచి చంపినాడు. అదే వంశంలోని చినవిజయరామరాజును కంపెనీవారు మచిలీపట్నం వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించగా, ఆయన వెళ్లక, విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ పద్మనాభం వద్ద అనుచరులతో విడిసినాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్టు సేన వచ్చి పడినది. గంటసేపైనా సాగని ఆ పోరులో రాజు నేలకొరిగినాడు. ఆ తర్వాతనే ఈ సీమకు కలెక్టర్లు వచ్చినారు. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చినది. దొరల గుర్రాలూ గుడారాలూ ఊరూర తిరగడం మొదలైనది.

కలెక్టరు మకాం ఎట్లుండెడిదో కొంచెం నిదానించి చూతము. వానలు వెనుకబట్టి, బాటలు గట్టిపడిన తర్వాత ప్రయాణం. గుర్రం మీద దొర, ఎద్దుబండ్ల మీద డేరాలు. బండి గంటకు రెండు మైళ్లకు మించి పోదు గనుక, గుర్రం ఎంత చురుకైనదైనా మజిలీ ఆమడకో ఆమడన్నరకో, అనగా సుమారు ఎనిమిది నుండి పన్నెండు మైళ్లకో పడవలసిందే. అందుచేత వసతి గలవారు రెండు డేరాలు ఉంచుకొనేవారు. ఒకదానిలో దొర నిద్రించుచుండగా రెండవది రాత్రికి రాత్రే ముందు మజిలీకి బయలుదేరేది. తెల్లవారి ఎండ ముదరకముందే గుర్రమెక్కి వచ్చుసరికి మామిడితోపులోనో చింతతోపులోనో డేరా నిలిచి, కనాతులు కట్టి, వంట పొగ లేచుచుండవలె. తోపు నీడ మనిషికి ఎంత అవసరమో గుర్రానికీ అంతే. చెరువుగట్టు మరీ దగ్గరైతే దోమ, మరీ దూరమైతే నీళ్ల మోత. ఆ ఎడం తెలిసినవాడే మంచి డేరా జమేదారు.

గుర్రానికి ముందుకాళ్ల దిక్కు అగాడి, వెనుకకాళ్లకు పిచాడి కట్టి, మాలీసు చేసి, నీరు చూపి, ఆ తర్వాతనే దాణా. దాణా అనగా ఉడికించిన ఉలవలు. ఇంగ్లీషువారు ఉలవకు పెట్టిన పేరే గుర్రపు పప్పు అని! మన యిళ్లలో ఉలవచారుకు చేతులు నాకుకొనే మనకు ఆ పేరు ఒకింత కష్టంగా తోచినా, చేసేదేమున్నది. ఇక గడ్డి. చెన్నరాజధానిలో ప్రతి గుర్రానికీ ఒక గుర్రపువాడు, ఒక గడ్డికోత మనిషి ఉండుట వాడుక. గడ్డికోత మనిషి చాల తావుల ఆ గుర్రపువాని భార్యయే. దొర పండ్రెండు మైళ్లు గుర్రం మీద వచ్చినాడు. ఆమె ఆ పండ్రెండు మైళ్లూ నడిచి వచ్చి, ఊరి చుట్టు గట్లమీద చిన్న పారతో గరికను వేళ్లతో సహా చెక్కి, మట్టి దులిపి, కడిగి, మోపుగట్టి సాయంకాలానికి గుర్రం ముందు వేయవలెను. దొరల జ్ఞాపకాల గ్రంథాలలో గుర్రాల పేర్లున్నవి, వాటి రంగులున్నవి, వాటి కోపతాపాలు కూడ ఉన్నవి. ఆమె పేరు లేదు.

ఊరివారికి ఈ మకాం వేడుకయా, బెడదయా? రెండూను. అర్జీదారు తాలూకా కచేరీకి పోకుండ తన తోపులోనే కలెక్టరు కాళ్లమీద పడగలిగినాడు. భూమి కొలత తగాదా భూమి మీదనే తీరినది. ఇది మేలు. కాని పాలు, కోళ్లు, కట్టెలు, గడ్డి, బండ్లు ఎవరు తేవలె? కరణం, మునసబు ఆజ్ఞ. తలారి, వెట్టివాడు పరుగు. సర్కారు ధర ఇచ్చినా, ఆ డబ్బు చేతులు మారి మారి గొల్లవాని చేతికి వచ్చుసరికి ఎంత మిగులునో ఊహించుకొనవచ్చును. మన్యంలో ఇది మరింత చేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో పశువు మేయుటకు రుసుము వచ్చినది, పోడుకు అడ్డు వచ్చినది. నిన్నటిదాకా అందరిదైన గడ్డికి ఒక యజమాని పుట్టినాడు. గూడెం తాసీల్దారు బాస్టియన్ బాటల పనికి చాలీచాలని కూలితో మన్యంవారిని నిర్బంధించిన తీరు, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట వారు కదలుటకు దగ్గరి కారణాలలో ఒకటి. అధికారి గుర్రం సుఖంగా పోవుటకు వేసిన బాటకు గిరిజనుని వీపు ఖరీదైనది.

మకాములవల్ల మేలే జరుగలేదా అంటే, ఒకటి తప్పక చెప్పవలెను. కర్నల్ కాలిన్ మెకంజీ వెంట తిరిగిన మన ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఊరూర కరణాలను కూర్చుండబెట్టుకొని స్థలచరిత్రలు వ్రాయించినారు. నేడు మనం కైఫీయతులని గౌరవించే గ్రంథరాశి ఇట్టి సంచారాల ఫలమే. బొర్రయ్య 1803లో చిన్న వయసుననే గతించినాడు. మెకంజీకి ఆ లోటు తీరలేదు.

అడవి, నీరు, నిశ్శబ్దం: వినుటకు ఇంపైన మాటలు. ఆ రోజులలో ఈ మూడూ కలిసిన చోటు మృత్యువుకు ఇష్టమైన చోటు. మన్యపు జ్వరానికి కారణం చెడుగాలి అని అందరూ నమ్మినారు. దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని రొనాల్డు రాస్ పట్టుకొన్నది 1897లో, మన సికింద్రాబాదులో. గుర్రాల సంగతి వేరు. అడవి నీటిపట్టుల చుట్టు ముసిరే జోరీగలు వాటికి సుర్రా అనే జబ్బు అంటించి, ఎముకల గూళ్లుగా మార్చి చంపేవి. ఆ క్రిమిని 1880లో నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ కనిపెట్టినాడు. ఆ ఊరి పేరులోనే డేరా ఉండుట కాకతాళీయమే అనుకొందము. అన్నింటినీ మించినది మహామారి, కలరా. దండు వెంట, యాత్ర వెంట, మకాము వెంట అదీ నడిచేది. లండనులో జాన్ స్నో 1854లో నీటినే అనుమానించినాడు. రాబర్టు కాక్ 1884లో కలకత్తా చెరువు నీటిలో ఆ క్రిమిని చూచినాడు. అంతకుముందు విడిసినవారంతా గుడారం ప్రక్కన ఉన్న తేటనీటిని నమ్మి విడిసినవారే.

వారిలో సర్ తామస్ మన్రో ఒకడు. 1800లో నిజాము నుండి దత్తమండలాలు కంపెనీకి రాగా, వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, ఏండ్ల తరబడి గుడారాలే నివాసంగా, గుర్రం మీద ఊరూర తిరిగి, పొలాలు కొలిపించి రైతువారీ పద్ధతికి రూపం ఇచ్చినవాడు. ఆ పద్ధతి మంచిచెడ్డలు వేరొక ప్రసంగానికి తగినవి. శిస్తు ఎక్కువని ఆయనే ఒప్పుకొన్నాడన్నది మాత్రం చెప్పి ఊరుకొందము. గవర్నరై, స్వదేశానికి పోబోవుచు, పాత సీమను ఒకసారి కండ్లారా చూచిపోవలెనని 1827లో బయలుదేరినాడు. దారిలో మకాములో కలరా సోకినది. జూలై 6న పత్తికొండ డేరాలో ప్రాణం విడిచినాడు. గుత్తిలో సమాధి చేసినారు. 1831లో అస్థికలను చెన్నపట్నం కోటలోని చర్చికి తరలించినారు. పత్తికొండలో ఆయన పేర ప్రభుత్వం వేయించినది ఒక తోపు, త్రవ్వించినది ఒక మెట్లబావి. చెన్నపట్నంలోని గుర్రపు విగ్రహం అందరూ చూచినదే. గుడారంలో బ్రతికినవానికి పత్తికొండ గుర్తే తగినదని మాకు తోచుచున్నది.

మన్రో మరణించిన మూడేండ్లకు, 1830 మే 18న, చెన్నపట్నం సుప్రీంకోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్యగారు దాదాపు నూరుగురు పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినారు. తిరుగు దారిలో ఉత్తరాంధ్రం మీదుగానే దిగినారు. వారిది గుర్రం కాదు, పల్లకి. కాని ప్రతి మజిలీలో వారు వ్రాసుకొన్నది రౌతు వ్రాసుకొనవలసినదే: నీళ్లున్నవా, చెట్లున్నవా, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రను ఆ కన్నుతో మరల చదువుడని శ్రోతలకు మా మనవి. పుణ్యాత్ములు బాట ప్రక్కన వేయించిన తోపు, త్రవ్వించిన బావి ఎంత పెద్ద ధర్మమో అప్పుడు తెలియగలదు. తోపు వేసినవాడు దానిని ఎరుగని బాటసారికై వేసినాడు.

1890ల దశకంలో తూర్పుతీరపు రైలుబాట విశాఖను తాకినది. తరువాత మోటారు, ఆ పిమ్మట జీపు. జమాబందీ నిలిచినది గాని గుర్రం నిలువలేదు. దండ్లు విడియుటకు బాటల వెంట ఏర్పరచిన మైదానాలు మాత్రం దేశమంతట రక్షణశాఖ లెక్కలలో ఇంకా ఉన్నవి. మన రెవెన్యూ దస్తరాలలో తోపు పోరంబోకు, చెరువు పోరంబోకు, మేత పోరంబోకు అన్న పేర్లున్నవి. చాల చోట్ల తోపు లేదు, చెరువు లేదు, పేరే ఉన్నది. ఇట్టి ఊరుమ్మడి భూములనుండి ఆక్రమణదారులను తొలగించవలెనని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించినది. విశాఖ వంటి నగరం చుట్టూ గజం భూమి విలువ పెరిగినకొద్దీ ఆ ఆదేశం అమలు ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

కంబాలకొండ మిగిలినది. లోపల చిన్న సరస్సు, పడవలు, చూచిపోవువారి వసతికి గుడారాలు. గుర్రాలను చూడవలెనంటే విశాఖ సముద్రపు ఒడ్డుకు పోవలెను. అక్కడ సాయంకాలం పిల్లలను ఎక్కించుకొని, ఇసుకలో నాలుగు బారలు నడిచి వస్తవి. చీకటిపడిన తర్వాత వాటి యజమాని వాటిని నగరంలో ఏదో సందులోనికి తోలుకొని పోతాడు. గరిక మోపు ముందే కొని పెట్టుకొనివుండవలె.