పగడాల వీధి, మట్టి తట్ట

తెలంగాణ పల్లెల్లో పుస్తెలతాడుకు పుస్తెలతోపాటు నల్లపూసలు, పగడాలు గుచ్చుతారు. మా కోస్గిలోనూ అంతే. పెళ్ళిలో బంగారం ఎన్ని తులాలు పెట్టారన్నది ఊరంతా మాట్లాడుకుంటుంది గానీ పగడం సంగతి ఎవరూ అడగరు. పాలమూరుకు సముద్రం ఎంత దూరమో మనకు తెలుసు. పైగా శతాబ్దాలపాటు మన అంగళ్ళకు వచ్చిన ఎర్ర పగడం బంగాళాఖాతంలోది కూడా కాదు. సార్డీనియా, కోర్సికా, ట్యునీసియా తీరాల దగ్గర మధ్యధరా సముద్రంలోంచి తీసింది. అది మన ఆడవాళ్ళ మెడలోకి ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకునే నేను మద్రాసు జార్జిటౌన్ వీధుల్లో నడిచాను.

పారీస్ కార్నర్ దగ్గర ఎన్నెస్సీ బోస్ రోడ్డు దాటి ఉత్తరానికి వెళితే పాత ముత్యాలపేట వస్తుంది. దానికి పడమరగా పెద్దనాయకన్‌పేట. ఈ పేర్లలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ నేల ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. చెన్నపట్నం పేరు ఆయన తండ్రి చెన్నప్పది. ముత్యాలపేటలో ఒక వీధిని తమిళంలో పవళక్కార తెరువు అంటారు, ఇంగ్లీషులో కోరల్ మర్చంట్ స్ట్రీట్. అంటే పగడాల వర్తకుల వీధి. అక్కడ ఇప్పుడు పగడాలూ లేవు, పగడాలు తెచ్చిన యూదులూ లేరు. ఆ తర్వాతి కాలంలో వచ్చిన నాట్టుకోట్టై చెట్టియార్ల ఇళ్ళున్నాయి, దుకాణాలున్నాయి. వీధికి పేరు మాత్రం మిగిలింది.

ఆ వర్తకులు స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులు. 1492లో స్పెయిన్ వాళ్ళను వెళ్ళగొట్టింది. 1497లో పోర్చుగల్ బలవంతంగా మతం మార్పించింది. పారిపోయినవాళ్ళలో కొందరు ఇటలీలోని లివోర్నో రేవులో, కొందరు ఆమ్‌స్టర్‌డామ్‌లో, 1656 తర్వాత కొందరు లండన్‌లో స్థిరపడ్డారు. లివోర్నోలో సానబెట్టిన పగడం లండన్ చేరి, కంపెనీ ఓడల్లో మద్రాసుకు వచ్చేది. ఇక్కడ పగడం అమ్మిన డబ్బుతో గోల్కొండ వజ్రాలు కొని తిరిగి పంపేవారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకుల ప్రతినిధులకూ చోటిచ్చారు. మతం పేరుతో యూరప్ తరిమేసిన మనుషులకు వజ్రం పేరుతో ఇక్కడ గౌరవం దొరికిందన్నమాట!

వాళ్ళ శ్మశానం మొదట పెద్దనాయకన్‌పేటలో, మింట్ స్ట్రీట్ దగ్గర ఉండేది. నగరం పెరిగి చోటు చాలక సమాధి రాళ్ళను రాయపేట వైపు లాయిడ్స్ రోడ్డుకు తరలించారు. చనిపోయినవాళ్ళకూ వలస తప్పలేదు. ఆ శ్మశానం కథలో మొదట వినిపించే పేరు జాక్వెస్ ది పైవా. వజ్రాల కోసం గోల్కొండ గనులకు వెళ్ళి, జబ్బుపడి, 1687లో మద్రాసులో చనిపోయాడు.

ఆయన భార్య పేరు హైరొనిమా. చరిత్ర పుస్తకాల్లో ఆమె కనిపించేది రెండే హోదాల్లో. పైవా విధవ, ఆ తర్వాత గవర్నర్ ఎలిహు యేల్ ‘ఉంపుడుగత్తె’. 1687 నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న యేల్‌తో ఆమె కలిసి జీవించింది, ఒక కొడుకును కన్నది. యేల్ భార్య కేథరిన్ 1689లో ఇంగ్లండు వెళ్ళిపోయింది. ఈ కేథరిన్ కూడా 1680లో కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో యేల్‌ను పెళ్ళాడే నాటికి ఒక కంపెనీ ఉద్యోగి విధవే. హైరొనిమా తర్వాతి కాలంలో కొడుకుతో దక్షిణాఫ్రికాలోని కేప్ చేరింది. భాష, మతం, బంధువులు ఏదీ తనది కాని రేవులో ఒంటరిగా మిగిలిన యూదు స్త్రీకి ఆ రోజుల్లో ఏ దారులున్నాయి? ఆమె ఇష్టంతో వెళ్ళిందా, బతుకు కోసం వెళ్ళిందా? ఈ ప్రశ్న వేసుకోకుండానే ఆమెకు ఒక ముద్ర వేసేశారు. యేల్ మాత్రం తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు దానం చేసి, 1718లో అమెరికాలో ఒక కళాశాలకు తన పేరు పెట్టించుకున్నాడు. అదే నేటి యేల్ విశ్వవిద్యాలయం.

ఇలాంటి వీధి ఒకటి దక్షిణ అమెరికాలోనూ ఉంది. బ్రెజిల్‌లోని రెసీఫే నగరం డచ్చివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, 17వ శతాబ్దం నడుమ, ఇదే పోర్చుగీసు యూదులు అక్కడ సినగాగ్ కట్టుకున్నారు. ఆ దారిని యూదుల వీధి అనేవారు. 1654లో పోర్చుగీసువాళ్ళు నగరాన్ని తిరిగి గెలిచాక యూదులు వెళ్ళిపోయారు, వీధి పేరు కూడా మారిపోయింది. సినగాగ్ ఇప్పుడు మ్యూజియం. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడి గోల్కొండ వజ్రం గిరాకీని దెబ్బతీశాయి. అక్కడ వాటిని వెలికి తీసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వీధుల చరిత్ర రాసేటప్పుడు వర్తకుడి దగ్గరే ఆగిపోతే సగం చరిత్రే రాసినట్టు. వజ్రం వీధిలో పుట్టదు.

మన వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరులో పుట్టింది. ఫ్రెంచి నగల వర్తకుడు తవెర్నియే ఆ గనిని చూసి, అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారట, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారట. ఆ మట్టిని నీళ్ళుపోసి కడిగి, ఎండబెట్టి, చెరిగితే రాళ్ళు బయటపడేవి. మరో గనిలో పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి దక్కేది మూడు పగోడాలేనని ఆయనే రాశాడు. పగోడా అంటే మన వరహా. 1702లో మద్రాసు గవర్నర్ థామస్ పిట్ గోల్కొండ గనుల నుంచి వచ్చిన 410 కారట్ల ముడి వజ్రానికి ఇచ్చిన ధర 48,000 పగోడాలు. గని వేరు, ఏళ్ళు వేరు, నిజమే. అయినా మూడు చొప్పున లెక్కవేస్తే అది పదహారు వేల ఏళ్ళ కూలి! 1717లో పిట్ దాన్ని ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు.

వర్తకుడికి వీధి ఉంది, సమాధి రాయి ఉంది. గవర్నరుకు విశ్వవిద్యాలయం ఉంది. హైరొనిమాకు కనీసం ఒక పేరు, ఆ పేరు మీద ఒక మచ్చ ఉన్నాయి. మట్టి మోసిన స్త్రీకి ఒక అంకెలో వాటా మాత్రమే ఉంది. ఇందులో యూదులను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పని యూరప్ చాలాసార్లు చేసింది, దాని ఫలితమూ లోకం చూసింది. వాళ్ళూ ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళే. కానీ నిరాశ్రయుల చరిత్రలో కూడా స్త్రీ పక్కకే జరుగుతుంది. అందులోనూ కూలి స్త్రీ అసలు కనిపించదు.

పాలమూరు నుంచి వెళ్ళి నడిచినదాన్ని కాబట్టి తవెర్నియే రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను వదలలేదు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళు మోస్తారు. దేశంలోని ఎన్నో ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర పాలమూరు కూలీల పని పంపకం కూడా ఇదే కదా! పార అతనిది, తట్ట ఆమెది. తవ్వడం నేర్పు అనిపించుకుంది, మోయడం ఒళ్ళు కష్టంగానే మిగిలిపోయింది. ఇప్పుడు కొల్లూరు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. అక్కడికి నడిచి వెళ్ళలేం, సమాధి రాళ్ళు వెతకలేం.

ఆధారాలు లేవు కాబట్టి స్త్రీల చరిత్ర రాయలేమని పండితులు అంటుంటారు. పత్రాలు, శాసనాలు, సమాధులు మాత్రమే ఆధారాలనుకుంటే ఆ మాట నిజమే. 19వ శతాబ్దపు ఇటలీ కర్ఖానాల్లో పగడాన్ని పూసలుగా మలిచిన చేతుల్లో ఎక్కువ భాగం స్త్రీలవే. ఆ పూసలు చేరిన మెడలూ స్త్రీలవే. ఈ రెండు కొసల మధ్య నడిచిన వ్యాపారం పద్దులన్నీ మగవాళ్ళ పేర్ల మీద ఉన్నాయి. మన ఇళ్ళలో తాతమ్మల నుంచి వచ్చిన పగడాల పేర్లు, అవి గుచ్చే తీరు, కొన్న సంతలు, అప్పుకు తాకట్టు పెట్టిన రోజులు ఇప్పటికైనా అడిగి రాసుకుందాం. చెప్పగలిగిన ముసలమ్మలు ఊళ్ళలో ఇంకా కొందరు ఉన్నారు.