మందు పిల్లల దాకా వచ్చిన దారి

బెంగళూరు వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ ఉన్నది మా కాడుగోడిలోనే. కుప్పం, మాలూరు, బంగారుపేట వైపు నుంచి రైలెక్కి పనులకు వచ్చిన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కలే కాపురాలు పెట్టారు. అలాంటి ఇళ్లలో హెచ్‌ఐవీ ఉన్న పిల్లలను హెచ్‌ఐవీ మందులిచ్చే బెంగళూరు ఏఆర్‌టీ సెంటర్లకు తీసుకెళ్లి మందులిప్పించడం ఏళ్ల తరబడి నా పని. వాళ్లలో కొందరికి మందు పనిచేయడం మానేసింది. అప్పుడల్లా "సరిగ్గా మింగి ఉండవు" అని పిల్లలనే తప్పుపట్టారు. ఆ మాట ఎంత అన్యాయమో ఈ మందుల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో హెచ్‌ఐవీ 1986లో చెన్నైలో బయటపడింది. మూడు మందులు కలిపి వాడితే వైరస్ అణుగుతుందని 1996 నాటికి లోకానికి తెలిసింది. ఈ వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందును తట్టుకునేదైతే, ఒంట్లో మందు చాలీచాలకుండా ఉన్న రోజుల్లో అదే పెరిగిపోతుంది. అందుకే మూడు మందులు, అందుకే పూట తప్పకూడదు. 2001లో సిప్లా మందుల కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే ఆ మూడూ ఇస్తానంది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వసాగింది. తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి.

అయితే ఆ బిళ్లలు పెద్దవాళ్లకు చేసినవి. పిల్లల చికిత్సకు జాతీయ కార్యక్రమం 2006 నవంబరులో గానీ రాలేదు. అంతదాకా పెద్దల బిళ్లనే విరిచి పిల్లలకిచ్చేవారు. విరిచిన ముక్కలో ఏ మందు ఎంతుందో ఎవరు చెప్పగలరు? పైగా ఆ మూడు మందుల్లో ఒకటైన నెవిరపిన్ పసివాళ్ల ఒంట్లో త్వరగా ఖర్చయిపోతుంది. బరువును బట్టి చూస్తే పెద్దలకంటే వాళ్లకే ఎక్కువ కావాలి. ఆ ముక్క చాలేది కాదు.

కొందరు బిడ్డల విషయంలో మందు పనిచేయని ఈ కథ పుట్టుకతోనే మొదలైంది. కాన్పు సమయంలో తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక మోతాదు సిరప్ ఇస్తే వ్యాధి సోకడం బాగా తగ్గుతుందని 1999లో ఉగాండా పరిశోధన చూపింది. అది ఎందరో బిడ్డలను కాపాడింది. కానీ ఆ ఒక్క మోతాదే రోజుల తరబడి రక్తంలో కొద్దికొద్దిగా ఉండిపోతుంది. అప్పటికీ వ్యాధి సోకిన బిడ్డల్లో చాలామందిలో నెవిరపిన్‌కు లొంగని వైరస్ మిగిలేది. తర్వాత వాళ్లకిచ్చిన చికిత్సలోనూ అదే నెవిరపిన్!

పసిపిల్లలకు దానికంటే లోపినావిర్ అనే మందు మేలని 2010లో తేలింది. దాని సిరప్ విపరీతమైన చేదు, అందులో నలభై శాతానికి పైగా ఆల్కహాల్. సీసాను చల్లగా ఉంచాలి. రేకుల ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? ఒక అవ్వ తడి ఇసుకలో కుండ పాతి సీసా అందులో దాచేది. మనవడు కక్కుకుంటే మళ్లీ పట్టాలా వద్దా అని నన్నడిగేది. 2017లో ఆ సిరప్‌కే దేశంలో కొరత వచ్చింది.

మరి కాస్త పెద్దపిల్లల సంగతి? అమ్మానాన్నలు పోయి, అవ్వ దగ్గరో హాస్టల్లోనో పెరిగేవాళ్లకు "బలం మందు" అని చెప్పి ఏళ్లకేళ్లు మింగించాం. ఒకమ్మాయి నన్నడిగింది: "నాకు బాగానే ఉంది కదక్కా, ఇంకా ఎందుకు?" జబ్బు పేరే చెప్పని పెద్దలం ఆ పిల్లకు ఏం జవాబు చెప్పగలం? మందు వేళను ఫోన్లో గుర్తుచేస్తే సరిపోతుందేమోనని దక్షిణ భారతంలో 631 మంది పెద్దవాళ్లపై పరీక్షించి చూశారు. తేడా ఏమీ లేదని 2014లో ప్రకటించారు. పెద్దవాళ్లకే చాలని ఫోను పిల్లలకు చాలుతుందా?

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష అందరికీ క్రమం తప్పకుండా చేయడం 2018లో వచ్చింది. అంతకుముందు రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాలు పడిపోయాకే అనుమానం వచ్చేది; ఆలోగా వైరస్ మరిన్ని మందులకు అలవాటుపడేది. నీళ్లలో కరిగే డోలుటెగ్రావిర్ పిల్లల బిళ్లకు 2020లో అనుమతి వచ్చింది. మింగడం తేలిక, వైరస్‌కు దాన్ని తప్పించుకోవడం కష్టం. ఇన్నేళ్లకు పిల్లలకోసమే చేసిన మంచి మందు అందింది.

అయినా వైరల్ లోడ్ పెరిగిందని కాగితం వస్తే పిల్లను నిలదీయకండి. ముందు బరువు తూచి మోతాదు సరిపోతోందా చూడండి. మందు ఎవరు ఇస్తున్నారో, ఎప్పుడు అయిపోయిందో కనుక్కోండి. వయసుకు తగ్గట్టు జబ్బు పేరు చెప్పండి. ఆ లోటుపాట్లన్నీ పెద్దలవే కాబట్టి, సరిదిద్దే పనీ పెద్దలదే.