బొగ్గు తూము చలవ

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న మెంఫిస్‌లో పంది పక్కటెముకలు తినేవాళ్ళది రెండు జట్ల వ్యవహారం. ‘వెట్’ జట్టుకి ఎముకల మీంచి తియ్యపుల్లటి సాసు కారుతుండాలి. ‘డ్రై’ జట్టుకి సాసు పొడే గిట్టదు. ఉప్పు, మిరియాలు, ఎర్రటి పాప్రికా, వెల్లుల్లి పొడి కలిసి మాంసం మీద పెచ్చు కట్టాలి, అది పంటికింద తగలాలి. ఈ రెండో రకాన్ని తాతముత్తాతల నాటి వంటగా చెప్పుకుంటారు గానీ, దాని వయసు మన రాజ్యాంగం వయసుకన్నా తక్కువే.

ఆ ఊళ్ళో చార్లీ వెర్గోస్ అనే గ్రీకు కుటుంబీకుడికి చిన్న హోటలు ఉండేది. 1948లో దాని కింద ఉన్న నేలమాళిగ శుభ్రం చేయిస్తుంటే, పూర్వం పైనుంచి బొగ్గు దించడానికి వాడిన తూము బయటపడింది. పొగ పోవడానికి దారి దొరికింది కాబట్టి కింద నిప్పులు పెట్టొచ్చు అనుకున్నాడాయన. అలా మొదలైంది ‘రాండెవూ’. మొదట్లో అమ్మింది హామ్, చీజ్ సాండ్‌విచ్‌లు. పక్కటెముకలు ఆ తర్వాత కొన్నేళ్ళకి గానీ రాలేదు. వాటికి ఏం పట్టించాలన్న ప్రశ్నకి ఆయన ఇంట్లోనే జవాబు ఉంది: తండ్రి వాడే గ్రీకు మసాలా. దానికి రంగు కోసం పాప్రికా, ఘాటు కోసం చిల్లీ పౌడర్ చేర్చాడు.

ఇక్కడో తమాషా. ప్రపంచమంతా ‘డ్రై రబ్’ అని పచ్చి మాంసానికి ముందే పొడి రుద్దుతుంటే, దానికి పేరు తెచ్చిన రాండెవూలో పొడి చల్లేది మాంసం కాలాకే. సన్నటి సెగ మీద గంటలకొద్దీ పొగపెట్టే పద్ధతీ కాదు వాళ్ళది. బొగ్గు నిప్పులకి కాస్త ఎత్తులో నేరుగా కాల్చి, వెనిగర్ నీళ్ళు పూసి, పైన మసాలా జల్లుతారు. అది అసలు బార్బెక్యూయే కాదని వాదించే ఛాందసులు నేటికీ ఉన్నారు. వాదన సరైనదే కావచ్చు, కానీ ఆ గుమ్మం ముందు వరస మాత్రం తరగలేదు.

పంది అక్కడికి చేరిన కథ ఇంకా పాతది. అమెరికా ఖండాల్లో ఈ జంతువు లేనే లేదు. 1493లో కొలంబస్ రెండోసారి వచ్చినప్పుడు పందుల్నీ చెరకునీ వెంట తెచ్చాడు. 1539లో ఫ్లోరిడాలో దిగిన స్పెయిన్ సేనాని ఎర్నాండో డి సోటో పందుల మందని తోలుకుంటూ ఖండం లోపలికి నడిచాడు. మరుసటి ఏడాది చలికాలంలో అక్కడి చికసా తెగ పెద్దలకి పంది మాంసం విందు పెట్టాడు. ఆ రుచి మరిగి కొందరు రాత్రిళ్ళు పందుల్ని ఎత్తుకుపోబోతే, ఇద్దర్ని చంపించి మూడోవాడి చేతులు నరికించాడు. ఆ ప్రాంతం మెంఫిస్‌కి ఎంతో దూరం లేదు.

తర్వాతి శతాబ్దాల్లో అమెరికా దక్షిణాది తోటల్లో విందంటే గొయ్యి తవ్వి, గట్టి కట్టె నిప్పుల మీద పంది మొత్తాన్ని రాత్రంతా కాల్చడమే. మెలకువగా ఉండి, నిప్పులు ఎగదోసి, మాంసం తిప్పింది బానిసలుగా బతికిన నల్లవాళ్ళు. తినేటప్పుడు మాత్రం మొదటి పంక్తి దొరలది. పక్కటెముకలు విడి సరుకైంది రైళ్ళు, మంచు పెట్టెలు వచ్చి షికాగో వంటి చోట్ల మాంసం కర్మాగారాలు లేచాక. తొడా, పొట్టా మంచి ధరకి పోయేవి. ఎముక ఎక్కువ, కండ తక్కువ ఉన్న పక్కలు చవగ్గా మిగిలేవి. వాటిని కొని, ఓపిగ్గా కాల్చి, అమ్మి బతికింది ఊళ్ళలోకి వలసొచ్చిన నల్లవాళ్ళ దుకాణాలు. ఆ దుకాణాలే లేకపోతే వెర్గోస్‌కి కాల్చాలన్న ఊహే వచ్చేది కాదని నా అనుమానం.

ఇక పొడి సంగతి. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. అది స్పెయిన్ మీదుగా యూరప్ చేరి హంగరీలో పాప్రికాగా స్థిరపడింది. పోర్చుగీసు ఓడలెక్కి గోవా వచ్చి, కాలక్రమాన గుంటూరు యార్డు దాకా పాకింది. మిరియాలు మలబారువి. ఇళ్ళలో కలిపే పొడుల్లో పడే బెల్లం రంగు చక్కెర, కొలంబస్ ఓడ దిగిన చెరకు బిడ్డ.

పెరట్లో ఈ వంట చేసుకునే వీలు ఇద్దరి చలవ. 1920లలో హెన్రీ ఫోర్డ్ కార్ల కోసం కోసిన చెక్క తుక్కుని బొగ్గు ఇటుకలుగా చేయించి అమ్మాడు. 1952లో షికాగో దగ్గర నీళ్ళలో తేలే లోహపు బోయాలు తయారుచేసే వెబర్ కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్ ఆ గుండ్రటి బోయాని సగానికి కోసి, కాళ్ళు పెట్టి, మూతున్న పొయ్యి చేశాడు. మూత ఉంటేనే సెగ తగ్గించి, పొగని లోపల ఆపడం సాధ్యం.

పొయ్యి లేకపోతే ఓవెన్ చాలు, పొగ వాసన మాత్రం ఉండదు. ఎముకల వైపున్న పల్చటి పొర ఒలిచెయ్యాలి, అది నమలబడదు. ఉప్పు ముందు రాత్రే పట్టించడం మేలు. కండలోకి దిగేది ఉప్పొక్కటే, మిగతా దినుసులన్నీ పైనే ఉండి పెచ్చు కడతాయి. పాప్రికా కొలతకి గుంటూరు కారం పోశారో, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోరు. బ్యాడగి మిరపపొడి వాడండి, రంగు ఎక్కువ, మంట తక్కువ. 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐదారు గంటలు పడుతుంది. సెగ పెంచితే పొడిలోని చక్కెర మాడి చేదెక్కుతుంది. కండ లోపలి వేడి 70 దగ్గర చాలాసేపు కదలకుండా నిలబడిపోతే కంగారు వద్దు. పైకి ఊరే తడి ఆవిరై మాంసాన్ని చల్లబరుస్తుండడమే కారణం. 90 దాటాక ఎముకల్ని పట్టుకున్న కొలాజెన్ కరిగి జెలటిన్ అయ్యుంటుంది, అప్పుడు దించొచ్చు.

మెంఫిస్‌లో 1978 నుంచి బార్బెక్యూ పోటీలు జరుగుతున్నాయి. పోటీల న్యాయనిర్ణేతలకి కొరికిన చోటే కండ ఊడి రావాలి, ఎముక ఎత్తగానే జారిపోతే ఎక్కువ ఉడికినట్టు లెక్క. ఇంట్లో తినేవాళ్ళు మాత్రం జారిపోయేదే కావాలంటారు. వాళ్ళ కోసం ఇంకో అరగంట ఉంచడంలో నష్టమేం లేదు.