చేత ఇనుము నుండి ఉక్కుకు: అరకు రైలుదారి చెప్పే కథ

ఇనుప వంతెనలన్నీ ఒకే ఇనుముతో కట్టినవని తోచడం సహజం. కాని రైలు వంతెనల చరిత్రలో ఇనుము మూడు రూపాలలో కనిపిస్తుంది: పోత ఇనుము, చేత ఇనుము, ఉక్కు. ఒకదాని స్థానంలోకి మరొకటి ఎందుకు వచ్చినదో తెలిస్తేనే అరకు కొండలలోని వంతెనల స్వభావం బోధపడుతుంది.

దూలంపై బరువు పడినప్పుడు దాని పైభాగం నొక్కుకొంటుంది, అడుగుభాగం సాగుతుంది. పోత ఇనుము నొక్కుడుకు ఆగుతుంది గాని సాగుడుకు ఆగదు; పెళుసుగా విరుగుతుంది. 1847 మే 24న ఇంగ్లండులోని చెస్టరు వద్ద, డీ నదిపై రాబర్టు స్టీఫెన్సను కట్టిన వంతెన దూలం రైలు క్రింద విరిగి అయిదుగురు మరణించారు. ఈ దుర్ఘటన తరువాత ఇంజనీర్లు చేత ఇనుమువైపు మొగ్గారు. 1850లో స్టీఫెన్సనే చేత ఇనుప రేకులను రివిట్లతో కూర్చిన పెద్ద గొట్టాలతో బ్రిటానియా వంతెనను పూర్తి చేశాడు. అందులో రెండు స్తంభాల మధ్య దూరం 460 అడుగులు.

చేత ఇనుములో కర్బనం అత్యల్పం. చిట్టెం సన్నని నారలవలె లోపల వ్యాపించి ఉంటుంది. అందుచేత అది విరిగే ముందు వంగి, సాగి హెచ్చరిక ఇస్తుంది. 1784లో హెన్రీ కోర్టు కనిపెట్టిన పద్ధతిలో కార్మికుడు కరిగిన ఇనుమును కడ్డీతో కలియబెట్టి ముద్దచేసేవాడు. బస్తరు కొండజాతుల వారు అంతకు చాలా పూర్వమే మట్టికొలిమిలో బొగ్గు వేసి, తిత్తులు ఊది, ముడిఖనిజాన్ని ముద్ద ఇనుముగా మార్చి, సమ్మెటతో చిట్టెం వదలగొట్టేవారు. పద్ధతులు వేరైనా, లభించినది ఒకే జాతి ఇనుము.

రెండింటికీ హద్దు ఒక్కటే: మనిషి కండబలం. ఒక్కొక్క ముద్దను చేతితో తీయవలసి ఉన్నందున ఇనుము కొద్దికొద్దిగా, ఖరీదుగా తయారయ్యేది. 1856లో బెస్సెమరు కరిగిన ఇనుములోకి గాలి ఊది, టన్నులకొద్దీ ఉక్కును నిమిషాలలో తీసే మార్గం చూపాడు. 1877లో బ్రిటిషు ప్రభుత్వం వంతెనలలో ఉక్కును అనుమతించినది. చదరపు అంగుళానికి చేత ఇనుముపై 5 టన్నుల ఒత్తిడి వరకే అనుమతి ఉండగా, ఉక్కుకు 6½ టన్నులు నిర్ణయించినది. 1900లో రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 56 ఖానాలతో పూర్తయిన వంతెనకు ఉక్కు దూలాలే వాడారు.

కనుక 1960 దశకంలో కొత్తవలస–కిరండోల్ మార్గం అరకు కొండలను దాటేనాటికి చేత ఇనుము యుగం ముగిసిపోయినది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి ఈ దారి వేశారు. యాభైకి పైగా సొరంగాలతో, ఎన్నో వంతెనలతో సాగే ఈ మార్గం శిమిలిగుడ వద్ద సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడినుండి నిండు బరువుతో దిగే రైలు బ్రేకు వేసినప్పుడు వంతెనను ముందుకు నెడుతుంది. వంపులలో ప్రక్కకు నెడుతుంది. కొండ వంతెన నిలువు బరువుతో పాటు ఈ రెండు తోపులనూ భరించాలి.

ఒకప్పుడు బస్తరు కొలిమికి ఒక గంపెడు ఖనిజం చాలేది. కర్మాగారాల చవుక ఇనుము వచ్చిన తరువాత ఆ కొలుములు క్రమంగా చల్లారాయి. నేడు ఆ కొండల ఖనిజమే బండ్లకొద్దీ ఉక్కు పట్టాలమీద సముద్రానికి దిగుతున్నది.