షుగర్‌తో పాటు మతిమరుపు: పెద్దవాళ్లకు నెమ్మది వ్యాయామం ఎంత పనికొస్తుంది?

పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నామా లేదా అని గుర్తు రాక, ఎందుకైనా మంచిదని ఇంకోటి వేసుకోవడం మన ఇళ్లల్లో కొత్త కాదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర అట్ల రెండుసార్లు పడితే షుగర్ ఒక్కసారిగా దిగిపోతుంది, మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందుకే షుగర్ ఉన్నవాళ్ల మతిమరుపును 'వయసు కదా' అని వదిలేయకూడదు.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది. 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అదే ఏడాది ఇంకో అధ్యయనం అంచనా వేసింది. దానికి ముందు మెట్టు తేలికపాటి మతిమరుపు. అంటే రోజువారీ పనులు చేసుకోగలరు, కానీ మాట మధ్యలో మరిచిపోతారు. నమాజులో ఎన్ని రకాతులయ్యాయో అని పదే పదే తడబడుతుంటే ముందు గమనించేది ఇంట్లోవాళ్లే.

ఈ రెండూ ఉన్నవాళ్ల మీద చైనాలో పరీక్ష జరిగింది. ఫలితాలు 2023 ఏప్రిల్‌లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో వచ్చాయి. 60 ఏళ్లు పైబడిన 328 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు 24 వారాలు తైచీ చేసింది. తైచీ అంటే శ్వాసతో కలిపి నెమ్మదిగా, ఒక వరుసలో చేసే చైనా వ్యాయామం. రెండో గుంపు చురుగ్గా నడిచింది. మూడో గుంపుకు ఆరోగ్య పాఠాలు మాత్రమే. 36వ వారంలో జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, 30 మార్కులకు తైచీ వాళ్లకు సగటున 24.67, నడిచినవాళ్లకు 23.84 వచ్చాయి. ఒక మార్కు తేడా కూడా లేదు. వాట్సాప్‌లో 'తైచీతో మతిమరుపు మాయం' అని వస్తే నమ్మకండి. అయినా మందు కాని దానితో ఇంత తేడా రావడం కొట్టిపారేసేది కాదు.

కారణం ఏమై ఉంటుంది? నడక అలవాటైన పని, ఆలోచించకుండానే సాగుతుంది. తైచీలో తరువాత ఏ కదలికో గుర్తు పెట్టుకోవాలి, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చాలి, ఊపిరి చూసుకోవాలి. మెదడు, ఒళ్లు కలిసి పని చేస్తాయి.

నందికొట్కూరులో తైచీ నేర్పేవాళ్లు దొరకడం కష్టం. నాకు తోచింది చెప్తా: తెలిసిన తేలికైన ఆసనాలో, నిలబడి చేసే నాలుగైదు కదలికలో ఒక వరుసలో పెట్టుకుని, వారానికొకటి కలుపుతూ పోవచ్చు. ఇది తైచీతో సమానమని ఎవరూ పరీక్షించలేదు, కానీ వరుస గుర్తు పెట్టుకోవడం ఇందులోనూ ఉంటుంది. బయట నడవడానికి మొహమాటపడే మన అమ్మలకు మిద్దె మీదో వరండాలోనో చాలు. పక్కన గోడో కుర్చీయో ఉండాలి. నమాజులో వంగుతున్నాం కదా అంటారు కొందరు. అది ఇబాదత్, వ్యాయామం లెక్కలో వేయకండి. నడక మానమని కూడా కాదు. వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ, పెద్దవాళ్లయితే బ్యాలెన్స్ కోసం మూడు రోజులైనా వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి. షుగర్ 70 కన్నా తక్కువుంటే వ్యాయామం వద్దు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఎప్పుడు చేయాలో డాక్టర్‌ను అడగాలి. కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు తల కిందికి వంచే ఆసనాలు వేయకూడదు. పాదాలకు స్పర్శ తగ్గితే మెత్తని చెప్పులు, రోజూ పాదాల పరీక్ష తప్పవు. మన ఎండలకు ఫజర్ తరువాతే మేలు.

మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 తగ్గి మతిమరుపు రావచ్చు. థైరాయిడ్, వినికిడి, దిగులు కూడా కారణాలే. కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించండి. వారం రోజులకు అరలున్న మాత్రల డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. శుక్రవారం జుమా తరువాత కూర్చుని దాన్ని నింపే పని ఇంట్లో ఒకరు తీసుకుంటే, రెండో మాత్ర పడదు.