ల్యాప్‌టాపు ధ్వని: బలము, బలహీనత

మచిలీపట్నము చెంతనున్న గిలకలదిండి చేపల రేవులో మరపడవల ఇంజన్ల మోత, బేరముల కేకలు కలగలిసి వినవచ్చుచుండును. అచట ల్యాప్‌టాపు తెరచి తుపాను హెచ్చరికను వినిపింపజూచినచో, నాలుగు బారల దూరములోనున్న వానికి మాట తెలియుట కష్టము. ఈ తీరమునకు ఇది చిన్న విషయము కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన మరల వేలకొలది ప్రాణములను బలిగొన్నది. హెచ్చరిక ఉన్నంతమాత్రమున చాలదు. అది చెవిని పడవలెను.

ఈ యంత్రమునకు ఇంత సన్నని గొంతు ఎందుకు వచ్చినది? దాని చరిత్రను చూచినచో తెలియగలదు.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులోని చిన్న స్పీకరు ముఖ్యముగా 'బీప్' మని కూయుటకే ఉద్దేశింపబడినది. 1989లో సింగపూరునకు చెందిన క్రియేటివ్ కంపెనీ 'సౌండ్ బ్లాస్టర్' అను కార్డును తెచ్చినది. దానిని లోపల అమర్చినచో మాటలు, సంగీతము పలికెను. తరువాత ఇంటెల్ కంపెనీ 'ఏ.సి. 97' అను ప్రమాణమును ప్రకటించినది. దానితో విడి కార్డు లేకయే, మదర్‌బోర్డు మీది చిన్న చిప్పు సెకనుకు 48,000 కొలతల చొప్పున ధ్వనిని పలికింపగలిగెను. మానవుడు వినగల గరిష్ఠ పౌనఃపున్యము సెకనుకు సుమారు 20,000 కంపనములు. దానికి రెట్టింపు కొలతలున్న చాలును గనుక, చిప్పులో లోటు లేదు.

లోటు గాలిని కదిలించుటలో నున్నది. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు వర్ణించిన స్పీకరు సూత్రమే నేటికిని వాడుకలో నున్నది. అయస్కాంత క్షేత్రములోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగా చుట్ట ముందు వెనుకలకు కదలును; దానికి అతికిన శంకువు గాలిని నెట్టును. పలుచని ల్యాప్‌టాపులో ఆ పొర చిన్నది, కదలుటకు చోటు తక్కువ. మంద్రస్వరములకు ఎక్కువ గాలిని నెట్టవలసియుండగా అది సాధ్యము కాదు. సాఫ్టువేరుతో ధ్వనిని మితిమీరి హెచ్చించినచో తరంగముల కొనలు తెగి మాట బొంగురుపోవును. పైగా ధ్వని చెవికి రెట్టింపుగా తోచవలెనన్న సుమారు పదిరెట్ల సామర్థ్యము కావలెను. కావున బయట యాంప్లిఫయరును, పెద్ద స్పీకరును తగిలించుటయే సరియైన మార్గము.

ఇందుకు నిదర్శనము పుదుచ్చేరి తీరమున కలదు. అచటి వీరంపట్టినములో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ నెలకొల్పిన కేంద్రమువారు, కంప్యూటరు ద్వారా అందిన అలల ఎత్తుల సమాచారమును లౌడ్‌స్పీకర్లలో జాలరులకు వినిపించెడివారు. 2004 డిసెంబరు 26న నల్లవాడు గ్రామమునకు సింగపూరు నుండి ఫోనులో సునామీ హెచ్చరిక అందినది. అచటి కేంద్రపు లౌడ్‌స్పీకరులో దానిని చాటగా, గ్రామస్థులు ఊరు విడిచి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ దినముననే కృష్ణా తీరమునను సునామీ కొందరిని పొట్టన పెట్టుకొన్నది.

వార్త సముద్రములు దాటి క్షణములో రావచ్చును. కాని స్పీకరుకును చెవికిని నడుమనున్న కొద్దిపాటి గాలిని కదిలింపలేనిచో, అది రానట్లే.