మోటుపల్లి అభయశాసనము

చీరాల చెంత సముద్రపుటొడ్డున వాడరేవు అను గ్రామము కలదు. ‘వాడ’ యనగా ఓడ. ఓడలు నిలుచు తావని ఆ పేరునకు అర్థము. అదే తీరమున దక్షిణముగా పోయినచో మోటుపల్లి వచ్చును. కాకతీయుల కాలమున ఇది దేశదేశముల ఓడలు వచ్చిపోవు ప్రసిద్ధమైన రేవుపట్టణము. నేడొక చిన్న పల్లె. రేవు పోయినది, గుడులు నిలిచినవి. వానిలో వీరభద్రస్వామి ఆలయ మండపమున, ఒక స్తంభముపై, గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరము 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, వేయించిన అభయశాసనము కలదు.

పూర్వపు రాజులు, గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమితో గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి సముద్రమునకు తెగించిన వర్తకులయెడ దయ వహించి, కీర్తికొఱకును ధర్మముకొఱకును, న్యాయమైన సుంకము తప్ప తక్కిన సొమ్మంతయు వారికే విడిచితినని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. గంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, మిరియములు మున్నగు సరకుల పట్టికయు అందే కలదు.

ఇందు రాజునకు లాభమును కలదు. వర్తకుడు నమ్మి వచ్చిననేగదా బొక్కసము నిండుట! అయినను ఓడ పగిలినవాని సొమ్మును ముట్టకుండుట లాభమని మాత్రమే కాక ధర్మమని వ్రాయించుట గమనింపదగినది. వీరభద్రుడు దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన ఉగ్రమూర్తి. అట్టి దేవుని గుడిలో, మన భాషయు మన దేవుళ్లును ఎఱుగని పరదేశికి సైతము చెల్లునట్టి అభయము చెక్కబడియున్నది. దేవాలయము పూజాస్థానము మాత్రమే కాదు. బలవంతుడు బలహీనునకిచ్చిన మాటకు సాక్షిగా నిలుచు చోటు కూడ. ఆ సాక్ష్యము లేనిచో గోపురమెంత ఎత్తైనను రాతికట్టడమే యగును.

పదుమూడవ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రాజ్యమును మోటుపల్లి పేరనే పేర్కొని, ఇచటి సన్నని నూలుబట్టలను మెచ్చుకొనెను. కాకతీయ రాజ్యము 1323లో కూలినది. కాని 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఇదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చుచు శాసనము వేయించెను. రాజవంశము మాఱినను మాట మాఱలేదు.

నేడు మోటుపల్లికి ఓడలు రావు. స్వామిని సేవింప పోవువారు ఆ స్తంభముకడ కొంచెముసేపు నిలువవలెను. ఆపదలో నున్నవాని సొమ్ము మనది కాదను ఆ ధర్మము, ఓడలు రాకున్నను, మనకు చెల్లుచునే యున్నది.